డేటాబేస్ డిస్కు దానంతటదే పెరుగుతుందా? కుబర్నెటీస్ స్టోరేజీపై అపోహలు - వాస్తవాలు

“డిస్కు 85 శాతం దాటిందండీ, కాస్త పెంచేయండి.” నాకు వారంలో ఎక్కువసార్లు వచ్చే మెసేజ్ ఇదే. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్‌లను కుబర్నెటీస్ (అప్లికేషన్లను చాలా సర్వర్ల మీద కలిపి నడిపే వ్యవస్థ) క్లస్టర్లలో నడిపే టీమ్‌లకు సాయం చేయడం నా పని. ఈ మెసేజ్ వచ్చిన ప్రతిసారీ నేను ముందు అడిగేది ఒకటే: “ఏం నిండింది?” చాలామంది దగ్గర జవాబు ఉండదు. డిస్కు నిండిందని తెలుసు, దేనితో నిండిందో తెలీదు. కింద రాసిన అపోహల్లో సగం అక్కణ్నుంచే పుట్టాయి.

అపోహ: కుబర్నెటీస్‌లో ఆటోస్కేలింగ్ ఉంది కాబట్టి డిస్కునూ అదే చూసుకుంటుంది.

చూసుకోదు. హారిజాంటల్ పాడ్ ఆటోస్కేలర్ పాడ్‌ల (అప్లికేషన్ నడిచే చిన్న యూనిట్ల) సంఖ్య పెంచుతుంది, తగ్గిస్తుంది. వర్టికల్ పాడ్ ఆటోస్కేలర్ సీపీయూ, మెమరీల సంగతి చూస్తుంది. క్లస్టర్ ఆటోస్కేలర్ నోడ్‌లను (సర్వర్లను) తెస్తుంది, తీసేస్తుంది. ఈ మూడింట్లో ఏదీ పీవీసీ (పాడ్‌కు ఇంత డిస్కు కావాలని అడిగే క్లెయిమ్) జోలికి వెళ్లదు. డిస్కు పెరగాలంటే దానికోసం విడిగా ఒకటి పెట్టుకోవాలి. క్యూబ్‌డీబీ లాంటి ఆపరేటర్లలో (క్లస్టర్‌లో డేటాబేస్‌లను మన తరఫున నిర్వహించే ప్రోగ్రాముల్లో) స్టోరేజీ ఆటోస్కేలర్ వస్తుంది. ఆపరేటర్ వద్దనుకుంటే టోపోఎల్‌వీఎం వాళ్ల పీవీసీ-ఆటోరీసైజర్ ఉంది.

ఇవన్నీ పనిచేసే తీరు దాదాపు ఒకటే. ప్రతి నోడ్ మీద ఉండే క్యూబ్‌లెట్ అనే ప్రోగ్రాం, వాల్యూమ్‌లో (పాడ్‌కు తగిలించిన డిస్కులో) ఎంత ఖాళీ ఉందో లెక్క చెబుతుంది. మానిటరింగ్ టూల్ ప్రొమీథియస్ ఆ లెక్కను దాచుకుంటుంది. ఆటోస్కేలర్ దాన్ని చదివి, హద్దు దాటగానే పీవీసీలో అడిగిన సైజును పెంచి రాస్తుంది. అంటే ప్రొమీథియస్ ఆగితే ఆటోస్కేలర్‌కు కళ్లు పోయినట్టే. మానిటరింగ్ స్టాక్ పడిపోయిన రోజున డిస్కు పెరగదు, అలర్టూ రాదు. రెండూ ఒకే గొట్టం మీద ఆధారపడి ఉన్నాయని డిజైన్ చేసేటప్పుడే గుర్తుపెట్టుకోండి.

అపోహ: పీవీసీలో సైజు మార్చి సేవ్ చేస్తే పని అయిపోయినట్టే.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. వాల్యూమ్‌ను పెంచే సౌకర్యం కుబర్నెటీస్ 1.8లో ప్రయోగాత్మకంగా వచ్చి, 1.24లో స్థిరపడింది. కానీ అది పనిచేయాలంటే స్టోరేజ్‌క్లాస్‌లో (ఏ రకం డిస్కు ఇవ్వాలో చెప్పే సెట్టింగుల్లో) అలో-వాల్యూమ్-ఎక్స్‌పాన్షన్ ట్రూ అని ఉండాలి. లేకపోతే మీ మార్పును ఏపీఐ సర్వర్ గుమ్మంలోనే వెనక్కి పంపేస్తుంది. ఉందనుకుందాం. అప్పుడు పెరగడం రెండు అంచెల్లో జరుగుతుంది. మొదట క్లౌడ్ వైపు డిస్కు పెరుగుతుంది. తర్వాత నోడ్ మీద ఫైల్‌సిస్టమ్ ఆ కొత్త జాగాలోకి వ్యాపిస్తుంది. మొదటిది అయి రెండోది కాకపోతే, పీవీసీ స్టేటస్‌లో ఫైల్‌సిస్టమ్-రీసైజ్-పెండింగ్ అని కనిపిస్తుంది. క్లౌడ్ కన్సోల్‌లో 300 జీబీ, పాడ్‌లోకి వెళ్లి డిస్కు సైజు చూపే డీఎఫ్ కమాండ్ కొడితే ఇంకా 200 జీబీ. ఈ తేడా చూసి గాభరాపడి పీవీసీని డిలీట్ చేయబోయిన వాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. నడుస్తుండగానే పెంచగల డ్రైవర్ అయితే కాసేపట్లో అదే సర్దుకుంటుంది, కాకపోతే పాడ్ రీస్టార్ట్ అయ్యాక పెరుగుతుంది.

అసలు తలనొప్పి స్టేట్‌ఫుల్‌సెట్‌తో (డేటాబేస్ పాడ్‌లనూ వాటి పీవీసీలనూ సృష్టించేది ఇదే). అందులోని వాల్యూమ్ క్లెయిమ్ టెంప్లేట్‌ను ఒకసారి సృష్టించాక మార్చనివ్వదు. హెల్మ్ చార్ట్‌లో (ఇన్‌స్టాల్ సెట్టింగులుండే ప్యాకేజీలో) 200ని 300 చేసి అప్‌గ్రేడ్ కొడితే ఎర్ర అక్షరాలతో ఎర్రర్ వస్తుంది. ఆపరేటర్ లేకుండా చేత్తో నడిపేవాళ్లకు దారి ఇది: ముందు ఒక్కో పీవీసీని విడిగా పెంచాలి. అన్నీ పెరిగాయని డీఎఫ్‌తో చూసుకోవాలి. తర్వాత స్టేట్‌ఫుల్‌సెట్‌ను క్యాస్కేడ్ ఆర్ఫన్ ఆప్షన్‌తో తీసేయాలి. అలా తీస్తే పాడ్‌లు నడుస్తూనే ఉంటాయి, వాటి పైనున్న స్టేట్‌ఫుల్‌సెట్ మాత్రమే పోతుంది. చివరగా కొత్త సైజుతో మళ్లీ అప్లై చేయాలి. ఈ ఆఖరి అంచె మర్చిపోతే ఇవాళ ఏమీ కాదు. ఆర్నెల్ల తర్వాత నాలుగో రెప్లికా (డేటాబేస్ నకలు) కావాలని సంఖ్య పెంచినప్పుడు, అది పాత 200 జీబీ డిస్కుతో పుడుతుంది. 260 జీబీ డేటాను అందులోకి కాపీ చేయబోయి సగంలో చచ్చిపోతుంది. కారణం వెతకడానికి పూట పడుతుంది.

క్యూబ్‌డీబీ లాంటి వాటిలో విస్తరణకు ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ అని రెండు పద్ధతులుంటాయి. ఆఫ్‌లైన్ పెట్టి ఉంటే డిస్కు పెంచడానికి పాడ్‌లను ఆపుతుంది. ఆటోస్కేలర్‌కు ఆ అధికారం ఇస్తున్నారంటే, అర్ధరాత్రి డేటాబేస్‌ను ఆపే అధికారం కూడా ఇస్తున్నారన్నమాట.

అపోహ: ఇప్పుడు ఎక్కువ పెట్టుకుందాం, తర్వాత తగ్గించుకోవచ్చు.

తగ్గదు. కుబర్నెటీస్ పీవీసీని పెంచనిస్తుంది గానీ కుదించనివ్వదు. 1.34లో స్థిరపడిన ఒక సౌకర్యం వల్ల చాలామందికి ఆశ కలిగింది. పెంచబోయి విఫలమైతే అడిగిన సైజును వెనక్కి తీసుకోవడానికే అది పనికొస్తుంది. పొరపాటున 500 బదులు 5000 జీబీ అని కొట్టి, క్లౌడ్ కోటా లేదని ఆగిపోతే, ఆ అంకెను దిద్దుకోవచ్చు. అప్పటికే నిజంగా పెరిగిన డిస్కును మాత్రం అది చిన్నది చేయదు. అమెజాన్ క్లౌడ్ డిస్కులైన ఈబీఎస్ వాల్యూమ్‌లూ తగ్గవు.

మరి తగ్గించాల్సి వస్తే? రెప్లికాలున్న డేటాబేస్ అయితే, చిన్న డిస్కుతో కొత్త రెప్లికాను తెచ్చి, అది ప్రైమరీతో (రాతలు తీసుకునే ప్రధాన కాపీతో) సమానమయ్యాక పాతదాన్ని తీసేయాలి. అలా ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చి, చివర్లో ప్రైమరీ బాధ్యతను కొత్తదానికి అప్పగించాలి. ఒక టెరాబైట్ డేటాబేస్‌కు ఇది ఒక రోజు పని, జాగ్రత్తగా చేస్తే.

అపోహ: డిస్కు నిండిందంటే డేటా పెరిగిందని అర్థం.

రెండేళ్ల కిందట నేను ఆన్-కాల్‌లో ఉన్న ఒక శనివారం రాత్రి సంగతి చెబుతాను. రిపోర్టింగ్ కోసం వాడే పోస్ట్‌గ్రెస్. ఒకటే పాడ్, రెప్లికా లేదు, 200 జీబీ ఈబీఎస్ వాల్యూమ్. 80 శాతం దాటితే 20 శాతం పెంచమని ఆటోస్కేలర్‌కు చెప్పి ఉంచాం. రాత్రి పన్నెండుకు కాస్త ముందు అది 200ని 240 చేసింది. “విజయవంతం” అని నోటిఫికేషన్ వచ్చింది, నేను పడుకున్నాను. మూడు గంటలకు ఫోన్ మోగింది. 240 జీబీ నిండిపోయి పోస్ట్‌గ్రెస్ ప్యానిక్ అని రాసి ఆగిపోయింది. రీస్టార్ట్ చేస్తే లేవదు, లేవడానికి కావలసిన జాగా లేదు.

ఆటోస్కేలర్ రెండోసారి ఎందుకు పెంచలేదు? పెంచబోయింది. కానీ ఒకసారి వాల్యూమ్‌ను మార్చాక మళ్లీ మార్చాలంటే కనీసం 6 గంటలు ఆగాలన్నది ఈబీఎస్‌లో అప్పుడున్న నిబంధన. క్లౌడ్ నిరాకరించింది, ఆటోస్కేలర్ ఆ ఎర్రర్‌ను లాగ్‌లో రాసుకుంటూ కూర్చుంది. చివరికి వాల్యూమ్ స్నాప్‌షాట్ తీసి, దాన్నుంచి 400 జీబీ కొత్త వాల్యూమ్ చేసి, దానిమీద డేటాబేస్‌ను లేపేసరికి తెల్లారింది.

లేచాక చూస్తే అసలు డేటా 70 జీబీ మాత్రమే. మిగతాదంతా పీజీ_వాల్ ఫోల్డర్, అంటే ప్రతి మార్పునూ పోస్ట్‌గ్రెస్ ముందుగా రాసుకునే వాల్ అనే లాగ్ ఫైళ్లు. గురువారం ఎవరో ఒక డేటా స్ట్రీమింగ్ కనెక్టర్‌ను తీసేశారు గానీ, అది వాడుతున్న లాజికల్ రెప్లికేషన్ స్లాట్‌ను తీయలేదు. స్లాట్ ఉన్నంతకాలం “ఆ కనెక్టర్ వచ్చి చదువుకుంటుంది” అనే నమ్మకంతో పోస్ట్‌గ్రెస్ వాల్ ఫైళ్లను పారేయదు. శనివారం రాత్రి నడిచిన భారీ అప్‌డేట్ జాబ్ ఆ కుప్పను ఒక్కసారిగా పెంచింది. స్లాట్ తీసేసి చెక్‌పాయింట్ ఇవ్వగానే వాడకం వంద జీబీలోపుకు దిగింది. డిస్కు మాత్రం 400 దగ్గరే ఉండిపోయింది.

పోస్ట్‌గ్రెస్ 13 నుంచి మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ అనే సెట్టింగ్ ఉంది. స్లాట్ కోసం ఎంతవరకు వాల్ దాచాలో హద్దు పెడుతుంది. డిఫాల్ట్ విలువ -1, అంటే హద్దు లేదు. దాన్ని ముందు మార్చండి. హద్దు దాటితే స్లాట్ చెల్లకుండా పోతుంది, కనెక్టర్‌ను మొదట్నుంచి సింక్ చేసుకోవాలి. అది నష్టమే, కానీ మొత్తం డేటాబేస్ పడిపోవడం కంటే చిన్న నష్టం. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ వ్యూలో యాక్టివ్ ఫాల్స్ అని ఉన్న ప్రతి వరుసకూ అలర్ట్ పెట్టండి. జాగా కోసం పీజీ_వాల్‌లోని ఫైళ్లను చేత్తో తుడిచేయాలని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. క్రాష్ తర్వాత డేటాబేస్ కోలుకోవడానికి ఆధారం అవే.

బ్యాకప్ ఆర్కైవ్ కమాండ్ విఫలమవుతున్నా వాల్ ఇలాగే పేరుకుంటుంది. ఆబ్జెక్ట్ స్టోరేజీ పాస్‌వర్డ్ గడువు తీరిపోవడం నేను చూసిన కారణాల్లో మామూలుది. మైఎస్‌క్యూఎల్ 8.0లో బిన్‌లాగ్‌లను (మార్పుల లాగ్‌లను) డిఫాల్ట్‌గా 30 రోజులు దాస్తుంది. రాతలు ఎక్కువున్న చోట అది చాలా జాగా. ఇంకొకటి: పోస్ట్‌గ్రెస్‌లో కోటి వరుసలు డిలీట్ చేసినా డిస్కులో ఖాళీ కనిపించదు. మామూలు వ్యాక్యూమ్ (డిలీట్ చేసిన వరుసలను శుభ్రం చేసే పని) ఆ జాగాను టేబుల్ లోపలే తిరిగి వాడుకోవడానికి ఉంచుతుంది. వ్యాక్యూమ్ ఫుల్ అయితే టేబుల్‌ను కొత్తగా రాస్తుంది కాబట్టి దానికే అదనపు జాగా కావాలి, పైగా టేబుల్‌కు తాళం పడుతుంది. 95 శాతం నిండిన డిస్కు మీద అది మందు కాదు.

అపోహ: 80 శాతం అని పెడితే అన్నిటికీ సరిపోతుంది.

శాతం ఒక్కటే చాలదు. 50 జీబీ డిస్కులో 20 శాతమంటే 10 జీబీ, ఒక పెద్ద సార్ట్ క్వెరీ రాసే తాత్కాలిక ఫైళ్లకే చాలకపోవచ్చు. 4 టీబీ డిస్కులో 20 శాతమంటే 800 జీబీ, నెలల తరబడి సరిపోవచ్చు. నేను లెక్క ఇలా వేస్తాను: గంటకు అత్యధికంగా ఎంత నిండుతుంది? ఒకసారి పెంచాక మళ్లీ పెంచడానికి క్లౌడ్ ఎంతసేపు ఆపుతుంది? ఈ రెంటినీ గుణిస్తే వచ్చేది ఒక్క అడుగులో పెరగాల్సిన కనీస పరిమాణం. మా ఆ శనివారం గంటకు 23 జీబీ చొప్పున నిండింది. ఆరు గంటలకు దాదాపు 140 జీబీ. మేం పెట్టుకున్న అడుగు 40. క్లౌడ్‌ల నిబంధనలు మారుతుంటాయి, మీ లెక్కలో మీరు వాడే డిస్కు రకానికి ఇవాళ ఉన్న అంకె వేసుకోండి.

గరిష్ఠ హద్దు తప్పనిసరిగా ఉండాలి. పీవీసీ-ఆటోరీసైజర్‌లో ఈ విషయం నాకు బాగా నచ్చింది: పీవీసీ మీద స్టోరేజీ లిమిట్ రాయకపోతే అది అసలు ముట్టుకోదు. హద్దు చేరకముందే మనిషికి కబురు వెళ్లాలి. డిస్కు పెరిగిన ప్రతిసారీ టికెట్ తెరవమని మా టీమ్‌కు చెప్పాను. వారంలో రెండుసార్లు పెరిగిందంటే ఎవరో ఒకరు కూర్చుని “ఏం నిండింది” అని చూడాల్సిందే.

అపోహ: పెద్ద డిస్కు తీసుకుంటే వేగం పెరుగుతుంది.

పాత జీపీ2 రకం ఈబీఎస్‌లో ఇది నిజమే. ఒక్కో జీబీకి 3 ఐఓపీఎస్ (సెకనుకు డిస్కు చేయగల చదివే, రాసే పనులు) చొప్పున వచ్చేది, అందుకే 100 జీబీ డేటాకు 1000 జీబీ డిస్కు కొనేవాళ్లం. 2020 డిసెంబరులో వచ్చిన జీపీ3లో సైజు ఎంతైనా 3000 ఐఓపీఎస్, సెకనుకు 125 ఎంబీ కనీసంగా వస్తాయి. ఇంకా కావాలంటే సైజుతో సంబంధం లేకుండా కొనుక్కోవచ్చు. కుబర్నెటీస్ 1.34లో స్థిరపడిన వాల్యూమ్-అట్రిబ్యూట్స్-క్లాస్‌తో, డ్రైవర్ సహకరిస్తే, ఈ అంకెలను పీవీసీ నుంచే మార్చవచ్చు.

అపోహ: రెప్లికాలు పెంచితే డిస్కు భారం పంచుకుంటాయి.

చదివే భారం పంచుకుంటాయి. జాగా కాదు. ప్రతి రెప్లికా దగ్గరా మొత్తం డేటా ఉంటుంది, మూడుంటే మూడు రెట్ల డిస్కు. జాగా పంచాలంటే షార్డింగ్ (డేటానే ముక్కలుగా పంచడం) కావాలి, అది వేరే కథ. రెప్లికాలను తగ్గించినప్పుడు కూడా స్టేట్‌ఫుల్‌సెట్ వాటి పీవీసీలను డిఫాల్ట్‌గా తీయదు. బిల్లులో అవి అలా నడుస్తూనే ఉంటాయి.

అపోహ: పాడ్ ఎక్కడికి పోతే డిస్కూ అక్కడికి వస్తుంది.

ఒకే జోన్‌లోనైతే వస్తుంది. ఈబీఎస్ వాల్యూమ్ ఒక అవైలబిలిటీ జోన్‌కు (రీజియన్‌లో విడిగా ఉండే డేటాసెంటర్ల గుంపుకు) కట్టుబడి ఉంటుంది. 2022 నవంబరులో మొదలైన ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌లోనూ మూడు జోన్లున్నాయి. ఒక జోన్‌లోని డిస్కును పక్క జోన్‌లోని నోడ్‌కు తగిలించలేరు. స్టోరేజ్‌క్లాస్‌లో వెయిట్-ఫర్-ఫస్ట్-కన్స్యూమర్ పెట్టండి, పాడ్‌కు చోటు ఖాయమయ్యాకే డిస్కు పుడుతుంది. లోకల్-పాత్ లాంటి నోడ్ డిస్కులు వాడేవాళ్లకు ఇంకో హెచ్చరిక: అందులో పీవీసీ మీద రాసిన 50 జీబీ కేవలం రాతే. ఆ హద్దును ఎవరూ కాపలా కాయరు, నోడ్ డిస్కు మొత్తం నిండేదాకా రాసుకుంటూ పోతుంది.

మా డేటాబేస్ వాల్యూమ్‌లన్నిట్లో ఇప్పుడు 2 జీబీ ఉత్తుత్తి ఫైల్ ఒకటి ఉంటుంది. డిస్కు నిండి డేటాబేస్ లేవనప్పుడు దాన్ని తుడిచేస్తే, లేచి స్లాట్ తీసేయడానికి సరిపడా ఊపిరి దొరుకుతుంది. కాక్రోచ్‌డీబీ ఇలాంటి ఫైల్‌ను తనే పెట్టుకుంటుంది, పోస్ట్‌గ్రెస్‌లో మనమే పెట్టాలి. మీ ఆటోస్కేలర్‌ను నమ్మే ముందు స్టేజింగ్‌లో 10 జీబీ డిస్కుతో ఒక డేటాబేస్ తెరవండి. ఎఫ్‌అలోకేట్ కమాండ్‌తో దాన్ని 85 శాతం నింపండి, పెరగనివ్వండి, పెరిగిన వెంటనే మళ్లీ నింపండి. రెండోసారి ఏం జరుగుతుందో, ఎవరి ఫోన్ మోగుతుందో చూడండి.