ప్రచార సభలో అన్న మాట చట్టం కాదు: వలస భయంపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఎన్నికలు దగ్గరపడే కొద్దీ ఇమ్మిగ్రేషన్ లాయరుగా నాకు వచ్చే ఫోన్ల తీరు మారిపోతుంది. మామూలు రోజుల్లో గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ గురించో, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గురించో అడిగేవారే ఆ నెలల్లో "మమ్మల్ని పంపించేస్తారటండీ, ఇల్లు అమ్మేయమంటారా?" అని మొదలుపెడతారు. ఎవరు చెప్పారని అడిగితే వాట్సాప్‌లో వచ్చిన అరనిమిషం వీడియో పంపిస్తారు. చాలాసార్లు అది ఏదో సభలో ఒక అభ్యర్థి మాట్లాడిన ముక్క. దానికి ఎవరో జోడించిన తెలుగు వ్యాఖ్యానం అసలు ప్రసంగం కన్నా భయంకరంగా ఉంటుంది. భయపడేవారి మీద నాకు కోపం లేదు. ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తూ, ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు అన్నీ ఒక్క కాగితం మీద నిలిచి ఉన్నవారికి భయం కలగడం సహజం. చదవకుండానే దాన్ని పదిమందికి పంపేవారి మీదే నా కోపం.

అపోహ: అభ్యర్థి సభలో చెప్పినది గెలిచిన మర్నాడే చట్టమైపోతుంది.

మన కుటుంబాలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చిన అపోహ ఇదే. వలసదారుల మీద భయం రేపడం ఓట్లు రాబట్టే పద్ధతిగా అక్కడ ఎన్నోసార్లు పనిచేసింది. కానీ ఓట్లు రాబట్టిన మాట అమలులోకి రావాలంటే వేరే దారి దాటాలి. 1994లో కాలిఫోర్నియా గవర్నర్ పీట్ విల్సన్ మళ్లీ పోటీకి దిగేనాటికి సర్వేల్లో బాగా వెనకబడి ఉన్నారు. సరిహద్దు దగ్గర రోడ్డుకు అడ్డంగా పరుగెత్తుతున్న మనుషుల నలుపు తెలుపు దృశ్యాలతో, "వాళ్లు వస్తూనే ఉన్నారు" అనే మాటతో ఆయన టీవీ ప్రకటన మొదలయ్యేది. పత్రాలు లేనివారికి ప్రభుత్వ బడులు, అత్యవసరం కాని వైద్యం నిరాకరించే, ప్రజలే నేరుగా ఓటు వేసి తేల్చే 187వ ప్రతిపాదన ఆ ఎన్నికల్లోనే దాదాపు 59 శాతం ఓట్లతో నెగ్గింది, విల్సన్ కూడా గెలిచారు. అయితే కొద్ది రోజుల్లోనే కోర్టులు ఆ చట్టాన్ని ఆపేశాయి. అందులోని ముఖ్యమైన నిబంధనలు ఏనాడూ అమలు కాలేదు.

2018లో, అధ్యక్షుడి పదవీకాలం నడుమ జరిగే మధ్యంతర ఎన్నికలకు వారం ముందు, అక్టోబరు 30న, అమెరికా గడ్డ మీద పుట్టినందుకే వచ్చే జన్మతః పౌరసత్వాన్ని ఒక్క ఉత్తర్వుతో రద్దు చేస్తానని అప్పుడు తొలిసారి అధ్యక్షుడిగా ఉన్న డొనాల్డ్ ట్రంప్ ప్రకటించారు. మధ్య అమెరికా నుంచి నడిచి వస్తున్న బృందాన్ని దండయాత్రగా వర్ణిస్తూ అదే సమయంలో వేల మంది సైనికులను సరిహద్దుకు పంపారు. నవంబరు 6న పోలింగ్ ముగిసింది. ఆ పదవీకాలం మొత్తంలో ఆ ఉత్తర్వు రాలేదు. అలాగని ఇవన్నీ ఓట్ల కోసం చెప్పే మాటలేనని కొట్టిపారేయడమూ ప్రమాదమే, ఎందుకంటే 2025 జనవరి 20న, రెండోసారి పదవి చేపట్టిన రోజునే, ఆయన దాని మీద సంతకం పెట్టారు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేకపోతే, ఫిబ్రవరి 19 తరువాత పుట్టే బిడ్డకు పౌరసత్వం ఉండదని అందులో ఉంది. అంటే హెచ్-1బి ఉద్యోగ వీసా, దాని మీద ఆధారపడిన భార్య లేదా భర్తకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న మన దంపతులు సూటిగా దాని పరిధిలోకి వచ్చారు.

ఆ వారంలో న్యూజెర్సీ నుంచి ఒక జంట నాతో మాట్లాడారు. ఆమెకు మార్చి నడుమ కాన్పు. భర్త ఆ ఉత్తర్వును ప్రింటు తీసి, ఫిబ్రవరి 19 అనే తేదీ చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి పెట్టుకున్నాడు. తెనాలి నుంచి అత్తగారు కూడా వీడియో కాల్‌లో ఉన్నారు. "ముందుగానే ఆపరేషన్ చేయించేస్తే బిడ్డకు సిటిజన్‌షిప్ దక్కుతుంది కదా బాబూ?" అని ఆవిడ అడిగారు. ఆ రోజుల్లో ఇదే ప్రశ్నతో చాలా మంది డాక్టర్ల దగ్గరికి పరుగెత్తారని పత్రికలు కూడా రాశాయి. నేను ఒకటే చెప్పాను: "అమ్మా, కాన్పు ఎప్పుడన్నది డాక్టరు చెప్పాలి. ఆ కాగితం కోసం బిడ్డను నెలలు నిండకుండా బయటికి తీయించకండి. కోర్టు సంగతి నేను చూసి చెబుతాను." జనవరి 23న సియాటిల్‌లో ఫెడరల్ జడ్జి జాన్ కఫనార్ ఆ ఉత్తర్వు స్పష్టంగా రాజ్యాంగ విరుద్ధమంటూ నిలిపివేశారు. ఆ జంట ఆగారు. బిడ్డ మార్చిలో నెలలు నిండి పుట్టింది, పాస్‌పోర్టు కూడా వచ్చింది. ఆ జూన్ 27న దేశవ్యాప్త స్టేలకు సుప్రీంకోర్టు హద్దు పెట్టినప్పుడు మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి. జూలై 10న న్యూ హాంప్‌షైర్ జడ్జి క్లాస్ యాక్షన్, అంటే ఒకే సమస్య ఉన్న అందరి తరఫున వేసే ఒకే దావా, దారిలో మరో స్టే ఇచ్చారు. డిసెంబరులో సుప్రీంకోర్టు అసలు విషయాన్ని విచారణకు తీసుకుంది గానీ, 2025 ముగిసేవరకు ఆ ఉత్తర్వు ఒక్క బిడ్డకూ వర్తించలేదు.

సెప్టెంబరు 19న హెచ్-1బి మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చినప్పుడూ ఇదే జరిగింది. తండ్రి సంవత్సరీకానికి వరంగల్ వెళ్లిన నా క్లయింటు ఒకతను వెంటనే తిరిగి రమ్మన్న కంపెనీ మెయిల్ చూసి, కార్యక్రమం పూర్తి కాకుండానే మూడింతల ధరకు టికెట్ కొని బయలుదేరాడు. ఆ రుసుము కొత్త పిటిషన్లకే గానీ ఇప్పటికే వీసా ఉన్నవారికి వర్తించదని మర్నాడే ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అందుకే ఎవరు ఫోన్ చేసినా సంతకమైన కాగితం ఉందా, ఏ తేదీ నుంచి, ఎవరికి, కోర్టు ఆపిందా అనే అడుగుతాను. వీటికి జవాబు దొరకకముందు ఇల్లు అమ్మకండి, రాజీనామా ఇవ్వకండి. ముఖ్యంగా, హెచ్-1 లేదా ఎల్-1 (కంపెనీ బదిలీ మీద వచ్చేవారి వీసా) స్టేటస్ గానీ, వాటి మీద ఆధారపడిన హెచ్-4, ఎల్-2 లాంటి స్టేటస్ గానీ లేకుండా, గ్రీన్ కార్డు చివరి దరఖాస్తు ఐ-485 పెండింగులో ఉన్నవారు భయపడి, తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి అయిన అడ్వాన్స్ పరోల్ లేకుండా దేశం దాటితే, ఆ దరఖాస్తును వదులుకున్నట్లే లెక్క. ఏ నాయకుడూ రద్దు చేయని అవకాశాన్ని ఇలా తమ చేతులతోనే పోగొట్టుకున్నవారిని నేను చూశాను.

అపోహ: మనం లీగల్‌గా వచ్చాం, ఇదంతా వేరేవాళ్ల గురించి.

ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న హైతీవాసుల్లో అత్యధికులు 2024 నాటికి చట్టబద్ధంగానే ఉన్నారు. అయినా 2024 సెప్టెంబరు 10న అధ్యక్ష అభ్యర్థుల చర్చలో, వారు ఊళ్లోని పెంపుడు జంతువులను తినేస్తున్నారని ట్రంప్ అన్న మాట దేశమంతా విన్నది. ఆధారాలు లేవని నగర అధికారులు చెప్పారు. ట్రంప్ పార్టీకే చెందిన గవర్నర్ మైక్ డివైన్ కూడా దాన్ని ఖండించారు. ఆ తరువాత రోజుల్లో అక్కడి బడులకు, ప్రభుత్వ కార్యాలయాలకు బాంబు బెదిరింపులు వచ్చాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేతాలోని బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజినీర్లిద్దరూ చట్టబద్ధంగా ఉన్నవారే. ఏ వీసా మీద ఉన్నారని నిలదీసిన వ్యక్తే "నా దేశం వదిలి పొండి" అంటూ కాల్పులు జరిపాడు, ఒకరు చనిపోయారు. భర్త మీద ఆధారపడిన స్టేటస్ కూడా ఆయనతోపాటే పోయి, భార్య మళ్లీ అమెరికా రావడానికే ఇబ్బంది పడ్డారు.

అపోహ: వలసదారులు పెరిగితే నేరాలు పెరుగుతాయి.

టెక్సస్ రాష్ట్రం 2012 నుంచి 2018 దాకా చేసిన అరెస్టుల రికార్డులను పరిశీలిస్తే, పత్రాలు లేనివారు హింసాత్మక నేరాల్లో అరెస్టైన రేటు అమెరికాలోనే పుట్టినవారి రేటులో సగానికన్నా తక్కువ. దీని మీద ఇంతకన్నా సమయం వెచ్చించను.

అపోహ: పౌరులు కానివారు లక్షల్లో ఓట్లు వేస్తున్నారు.

2024లో జార్జియా రాష్ట్రం తన 82 లక్షల ఓటర్ల జాబితాను గాలిస్తే పౌరులు కానివారు 20 మంది తేలారు. కానీ ఈ ఆరోపణ వల్ల జాబితాల తనిఖీ పెరిగింది, దాని దెబ్బ తెలియక చేసినవారికి తగులుతుంది. డ్రైవింగ్ లైసెన్సు కోసం డీఎంవీకి (అక్కడి రవాణా శాఖ కార్యాలయానికి) వెళ్లినప్పుడు ఓటరుగా నమోదు చేయాలా అని స్క్రీన్ మీద ఒక ప్రశ్న వస్తుంది. గ్రీన్ కార్డు ఉన్న మన పెద్దవాళ్లు, అవును అంటేనే పని త్వరగా అవుతుందనుకుని దాన్ని నొక్కేస్తారు. పౌరులమని అబద్ధపు ప్రకటన చేసినట్లు అది లెక్కలోకి వస్తే, సిటిజన్‌షిప్ మాట అటుంచి గ్రీన్ కార్డుకే ముప్పు వస్తుంది. అమ్మానాన్నలను డీఎంవీకి తీసుకువెళ్లేటప్పుడు ఆ స్క్రీన్ దగ్గర పక్కన నిలబడండి. ఇదివరకే పొరపాటున నమోదై ఉంటే, పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 నింపకముందే ఆ కాగితాలతో లాయరును కలవండి.