మనిషి గుణమా, హాలు గుణమా?

గుంటూరులో డిగ్రీ పరీక్షలకు చాలా ఏళ్లుగా ఇన్విజిలేటర్ డ్యూటీ చేస్తున్నాను. ఒకసారి ఒక అమ్మాయి కాలిక్యులేటర్ మూతలో స్లిప్పు దొరికింది. అగ్గిపెట్టెంత కాగితం మీద ఆవగింజల్లాంటి అక్షరాలు. ఏడాదంతా రికార్డు సొంతంగా రాసిన పిల్ల ఆమె. స్టాఫ్ రూమ్‌లో మాత్రం వెంటనే ‘అసలు బుద్ధి బయటపడింది’ అనేశారు. ఒక్క స్లిప్పుతో బుద్ధి తెలిసిపోతుందా? ఈ ప్రశ్నకు దాదాపు వందేళ్ల వయసుంది.

1920ల్లో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు 10,000 మందికి పైగా బడిపిల్లల్ని పరిశీలించారు. పిల్లలు పరీక్ష రాశాక జవాబు పత్రాలకు గుట్టుగా నకలు తీసుకునేవారు. తర్వాత అసలు పత్రాలూ, కీ పిల్లల చేతికే ఇచ్చి, మార్కులు మీరే వేసుకోండి అనేవారు. ఎవరు జవాబు మార్చారో నకలు చూస్తే తెలిసేది. 1928లో ఫలితాలు వచ్చాయి. ఒకచోట మోసం చేసిన పిల్లలు ఇంకోచోట చేయలేదు. ఒకచోట నిజాయితీగా ఉన్నవాళ్లు మరోచోట జారిపోయారు. చూసేవాళ్లున్నారా, దొరికిపోతామా, పక్కవాళ్లు ఏం చేస్తున్నారు అన్నదాన్ని బట్టే చాలా మారింది.

1968లో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ ఇంకాస్త ముందుకెళ్లారు. గుణాన్ని కొలిచి ప్రవర్తన చెప్పబోతే రెంటి మధ్య సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే 0) 0.3 దాటడం అరుదన్నారు. గుణం అనే మాటకే ఎసరొచ్చింది. 1979లో మరో మనస్తత్వవేత్త సీమోర్ ఎప్‌స్టీన్ దానికి జవాబిచ్చారు: ఒక్క సంఘటన చూడకండి, చాలా రోజుల సగటు చూడండి, నిలకడ కనిపిస్తుంది. మనకిది కొత్తేమీ కాదు. ఒక్క ఇంటర్నల్ పరీక్ష మార్కులతో ఏ విద్యార్థినీ అంచనా వేయం కదా.

ఆ తర్వాత కొరియన్, ఇటాలియన్ వంటి భాషల్లో మనుషుల్ని వర్ణించే మాటల్ని పోగేసిన పరిశోధకులు ఆష్టన్, లీ, మనిషి స్వభావాన్ని కొలవడానికి అప్పటికి వాడుకలో ఉన్న ఐదు గుణాలకు ‘నిజాయితీ–వినయం’ అనే ఆరోదాన్ని చేర్చారు. 2015లో పాత అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణలో, బాధ్యతగా పనిచేసే స్వభావం, కలుపుగోలుతనం ఉన్న విద్యార్థులు కాపీ కొట్టడం తక్కువని తేలింది. అంటే గుణం ఉంది. కానీ అదొక్కటే లేదు. 1964లో విలియం బవర్స్ అనే పరిశోధకుడు 99 అమెరికన్ కాలేజీల్లో 5,000 మందికి పైగా విద్యార్థుల్ని అడిగితే నలుగురిలో ముగ్గురు ఎప్పుడో ఒకప్పుడు ఏదో రకంగా కాపీ చేశామన్నారు. తోటివాళ్లు తప్పుపడతారన్న భావన ఉన్నచోట అది తగ్గింది.

మన దగ్గరికి వస్తే, పరీక్షల్లో అక్రమాల మీద ఉమ్మడి రాష్ట్రం 1997లో ప్రత్యేక చట్టం తెచ్చింది. చట్టం అవసరమే. కాకపోతే స్క్వాడ్, డిబార్, ఆ పైన ‘వాడి బుద్ధే అంత’ అనే మాట, వీటి దగ్గరే మన చర్చ ఆగిపోయింది.

ఆ అమ్మాయిని మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ చేశాం. ఆ హాల్లో ముందు రోజుల్లో ఎంతమంది స్లిప్పులు తెచ్చారో, ఎంతమందిని చూసీ చూడనట్టు వదిలేశామో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.