కంచంలోకి సెలైన్ బాటిల్

కాస్త నీరసంగా ఉంటే చాలు, "డాక్టరుగారూ, ఒక సెలైన్ పెట్టండి" అని అడిగేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. చుక్క చుక్కగా దిగుతుంటే బలమేదో ఒంట్లోకి ఎక్కుతున్నట్టే అనిపిస్తుంది. నిజానికి మామూలు సెలైన్ అంటే ఉప్పునీళ్లే. లీటరుకు 9 గ్రాముల ఉప్పు, అంటే అర లీటరు బాటిల్లో నాలుగున్నర గ్రాములు.

ఈ అంకె ఒక్కటి గుర్తుంటే మన తిండిలో ఉప్పు లెక్క తేలికవుతుంది. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది ఒక టీస్పూను కన్నా ఎక్కువేం కాదు. 2017-18లో జరిగిన జాతీయ సర్వేలో, మూత్ర పరీక్షల ఆధారంగా లెక్కగడితే, మన దేశంలో సగటు 8 గ్రాములని తేలింది. సూది నొప్పి లేకుండా రోజూ దాదాపు రెండు బాటిళ్ల ఉప్పు ఎక్కించుకుంటున్నామన్నమాట.

ఉప్పులో ఉండే సోడియం రక్తంలో ఎంత ఉండాలో శరీరానికి గట్టి లెక్క ఉంది. ఉప్పు ఎక్కువైతే దాహం వేయించి నీళ్లు తాగిస్తుంది. కిడ్నీలు ఆ అదనపు ఉప్పును బయటికి పంపేదాకా దాంతోపాటు నీళ్లూ ఒంట్లోనే ఉంటాయి. పెళ్లి భోజనం చేసిన మర్నాడు వేలి ఉంగరం బిగుసుకుంటే దాని వెనుక ఇదీ ఉండొచ్చు. ఒక్కరోజుతో ఏమీ కాదు. ఏళ్ల తరబడి సాగితే బీపీ పెరుగుతుంది, గుండెపోటుకూ పక్షవాతానికీ దారి పడుతుంది. అందరిలో ఒకే మోతాదులో కాదు. వయసు పైబడినవాళ్లకు, ఇప్పటికే బీపీ ఉన్నవాళ్లకు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు దెబ్బ ఎక్కువ.

మీ ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు తేదీ దానిమీద రాయండి. నలుగురు పెద్దవాళ్లుంటే, మనిషికి 5 గ్రాముల చొప్పున కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మా ఇంట్లో 34వ రోజుకే ఖాళీ అయింది. పుక్కిలించడానికీ, కాకరకాయ ముక్కలు పిండడానికీ పోయిందని సర్దిచెప్పుకున్నాను గానీ, పచ్చళ్లూ బయటి తిళ్లూ ఆ లెక్కలో లేవు కదా.

అమెరికాలో తినే ఉప్పు చాలావరకు ఫ్యాక్టరీ తిండి నుంచి వస్తుంది. మనకు ఎక్కువ భాగం ఇంటి వంటలోంచే వస్తుంది. పైగా మనం అన్నంలో ఉప్పు వేయం. కంచం నిండా చప్పటి అన్నం పెట్టుకుని, దానికంతా రుచి పట్టేలా పప్పులో, పులుసులో, పచ్చడిలో వేస్తాం. చివర్లో పెరుగన్నానికి మళ్లీ ఒక చిటికెడు, నంజుకోవడానికి ఊరమిరపకాయ. అన్నం ఎక్కువైనకొద్దీ దాన్ని గొంతు దింపడానికి కావలసిన ఉప్పూ పెరుగుతుంది. అన్నం ఒక గరిటె తగ్గించి కూర పెంచుకుంటే, రుచి తగ్గిందనిపించకుండానే ఉప్పు తగ్గించి వండుకోవచ్చు.

మరి నాలుక ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటుంది, కానీ వెంటనే కాదు. 1982లో అమెరికా పరిశోధకులు కొందరు యువతీయువకులను కొన్ని నెలలపాటు తక్కువ ఉప్పు తిండి మీద ఉంచారు. పోనుపోను వాళ్లకు తక్కువ ఉప్పే రుచిగా తోచింది, పాత మోతాదు మరీ ఉప్పగా అనిపించింది. అందుకే డాక్టరు చెప్పాడని రాత్రికి రాత్రి చప్పిడి తిండికి దిగినవాళ్లు వారానికే ఆవకాయ జాడీ మూత తీస్తారు. వారానికి కొంచెం కొంచెంగా తగ్గిస్తే ఇంట్లో ఎవరూ పసిగట్టరు.

నాకు ఇంకా నచ్చిన ప్రయోగం 1987 నాటిది. వంటలో ఉప్పు సగానికి తగ్గించి, కావలసినంత వేసుకోండని ఉప్పు సీసా చేతికిచ్చారు. తగ్గించినదాంట్లో అయిదో వంతు కూడా జనం తిరిగి వేసుకోలేదు. పైన చల్లిన ఉప్పు నేరుగా నాలుకకు తగులుతుంది, గిన్నెలో కరిగిందంతా అలా తగలదు. మన పెద్దలు విస్తరి మూలన ఉప్పు వడ్డించేవారు. బల్లమీద ఉప్పు డబ్బా ఉంచొద్దంటారు గానీ, ఇంట్లో వండుకు తినేవాళ్లకు ఆ సలహా తలకిందులని నా అభిప్రాయం. గిన్నెలో తగ్గించండి, ఉప్పు మాత్రం పక్కన ఉంచండి. నిమ్మరసం, చింతపండు పులుపు తోడైతే ఉన్న ఉప్పే కాస్త ఎక్కువగా తెలుస్తుంది.

ఆవకాయలో మాత్రం ఉప్పు తగ్గించమని చెప్పను. ముక్కలోని నీటిని లాగి, బూజు పట్టకుండా కాపాడేది అదే. జాడీలో సరిపడా ఉండనీయండి, కంచంలోకి సగం ముక్క చాలు.

సైంధవ లవణమైనా, కళ్లుప్పైనా చాలామట్టుకు సోడియం క్లోరైడే. బీపీ విషయంలో పెద్ద తేడా లేదు. తేడా ఉన్నది, కొంత సోడియం బదులు పొటాషియం కలిపిన ఉప్పులో. చైనాలో 600 పల్లెల్లో, పాతిక శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడించి చూస్తే పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో ప్రకటించారు. అక్కడ ఎంచుకున్నది పక్షవాతం వచ్చినవాళ్లను, బీపీ ఉన్న పెద్దవయసు వాళ్లను. అయితే కిడ్నీ జబ్బు ఉంటే, లేదా పొటాషియాన్ని ఒంట్లో నిలిపే బీపీ మాత్రలు వాడుతుంటే, ఇది ప్రమాదం. డాక్టర్ని అడక్కుండా కొనకూడదు.

మా రెండో ప్యాకెట్ 41 రోజులు వచ్చింది. మూడోది ఇవాళ్టికి 43వ రోజు, అడుగున ఇంకా నాలుగు చెంచాలుంది.