ట్రాక్‌కీ ఆఫీసుకీ ఒకే సెకండ్ హ్యాండ్ బండి: అపోహలు - వాస్తవాలు

శనివారం సాయంత్రం మా షెడ్డుకొచ్చే కుర్రాళ్ల ఫోన్లో ఒక బండి ఫొటో తప్పకుండా ఉంటుంది. "అన్నా, ఏడు లక్షలు చెప్తున్నాడు, ఆరున్నరకి దిగొస్తాడు. రోజూ గచ్చిబౌలి వెళ్లాలి, రెండు మూడు నెలలకోసారి రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లాలి. తీసుకోమంటావా?" 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగాక ఇలా అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నాకు సంతోషమే. కాకపోతే బండి చూడకముందే వాళ్ల మనసులో కొన్ని నమ్మకాలు గట్టిగా నాటుకుపోయి ఉంటాయి. కొన్నాక డబ్బు పోయేది ఎక్కువగా వాటివల్లే.

ఒక్క విషయం ముందే చెప్తాను. మనకి పెద్ద ట్రాక్ అంటే శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ సర్క్యూట్, లేదంటే కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వే. హైదరాబాద్ నుంచి మొదటిదానికే 600 కిలోమీటర్ల పైన. ఆ బండిలోనే వెళ్లాలి, రోజంతా దాన్ని పిండాలి, దాంట్లోనే ఇంటికి రావాలి, సోమవారం పొద్దున ఆఫీసు దగ్గర పార్కింగ్‌లో పెట్టాలి. నేను బండి చూసేటప్పుడు నా లెక్కంతా ఇదే.

అపోహ: 200 హార్స్‌పవర్ లేకపోతే ట్రాక్‌లో మజా ఉండదు

కోయంబత్తూరులో మన దేశపు రేసర్లు ఎంతోమంది ఓనమాలు దిద్దుకున్న ఎల్‌జీబీ ఫార్ములా 4 బండ్లలో ఉండేది మారుతీ స్విఫ్ట్ ఇంజినే. ఆ బండి వేగం బరువు లేకపోవడంలో ఉంది. 2018లో వచ్చిన పెట్రోల్ స్విఫ్ట్ 900 కిలోల లోపే తూగుతుంది, పవర్ 83 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే). కాగితం మీద చూస్తే ఎవరికీ ఆనదు. కానీ మలుపులో అది టైర్లని నలపదు, బ్రేకుల్ని కాల్చదు, రోజంతా తిప్పినా అలిసిపోదు. అదే 230 పీఎస్ స్కోడా ఆక్టావియా వీఆర్‌ఎస్ స్ట్రెయిట్‌లో, అంటే మలుపుల్లేని తిన్నటి దారిలో, బాణంలా పోతుంది, నిజమే. అయితే 1,400 కిలోల పైచిలుకు బండి అంత వేగంతో మలుపు దగ్గరికొచ్చినప్పుడు దాన్ని ఆపే ఖర్చు మీదే.

ఇంకో సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లు టైము పోగొట్టుకునేది మలుపుల్లో. పవర్ ఎక్కువున్న బండి ఆ తప్పుని స్ట్రెయిట్‌లో కప్పేస్తుంది, తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. తక్కువ పవర్ బండిలో మలుపు చెడగొట్టుకుంటే తర్వాత స్ట్రెయిట్ పొడుగునా ఆ నష్టం తెలుస్తూనే ఉంటుంది. మొదటి రెండేళ్లకి ఇంతకంటే మంచి గురువు లేడు.

అపోహ: బ్రేకులు బాగానే పడుతున్నాయి, ముట్టుకోనక్కర్లేదు

నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఈ మాటకే. సిటీలో బ్రేకు పడటం వేరు, ట్రాక్‌లో పడటం వేరు.

చిన్న లెక్క చూడండి. మనిషితో కలిపి వెయ్యి కిలోల బండి 140 వేగం నుంచి 60కి దిగాలంటే బ్రేకులు దాదాపు 6 లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. రెండు లీటర్ల నీళ్లని మరిగేదాకా కాచేంత వేడి అది. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద ఎనిమిది పది నిమిషాలు పట్టే పని. ట్రాక్‌లో అది మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది, అందులో ఎక్కువ భాగం ముందు రెండు డిస్కుల మీదే పడుతుంది. అవి చల్లారేలోపు తర్వాతి మలుపు వచ్చేస్తుంది. సిటీలో 40 నుంచి ఆపడానికి ఇందులో పదో వంతు వేడే పుడుతుంది.

ఇక బ్రేక్ ఆయిల్. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమని అది పీల్చుకుంటుంది, దాని గుణమే అంత. తేమ పట్టిన ఆయిల్‌కి ప్రమాణం చెప్పే హద్దు 155 డిగ్రీలు మాత్రమే. ఆ తేడా మీకు పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఎన్నడూ తెలియదు. ట్రాక్‌లో ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ తొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు.

ఇది నాకు జరిగింది. చాలా ఏళ్ల కిందట ఒక సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను. అమ్మినాయన బ్రేక్ ఆయిల్ మొన్ననే మార్చానన్నాడు. ప్యాడ్లు కొత్తవి వేశాను, ఆయిల్ మాత్రం ఆయన మాట మీద వదిలేశాను. శ్రీపెరంబుదూరులో నాలుగో ల్యాపులో పొడుగు స్ట్రెయిట్ చివర పెడల్ నేలకి తగిలింది. మళ్లీ మళ్లీ తొక్కి, గేర్లు దింపి, మట్టిలోకి దిగి ఆగాను. ఎవరికీ ఏమీ కాలేదు. అరగంట చల్లారాక పెడల్ మళ్లీ గట్టిగా, ఏమీ జరగనట్టే ఉంది. అందుకే చాలామంది అసలు సమస్య లేదనుకుంటారు. ఆ రోజు నుంచి ఏ బండి ట్రాక్‌కి వెళ్తున్నా, ఎవరేం చెప్పినా, నా చేత్తో ఆయిల్ మార్చందే పంపను.

కాబట్టి చేతిలో ఏడు లక్షలుంటే ఐదున్నరలో బండి చూసుకోండి. మిగిలింది ప్యాడ్లు, డిస్కులు, మంచి బ్రేక్ ఆయిల్, నాలుగు టైర్లు, కూలెంట్, బెల్టులు, బుష్‌లకి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు చదవండి: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాట్లు ఎంత లోతున్నా పాతబడిన రబ్బరు గట్టిపడిపోతుంది, అలాంటి టైర్లతో ట్రాక్ మీదికి వెళ్లొద్దు.

అపోహ: పాత జర్మన్ బండి స్విఫ్ట్ ధరకే వస్తోంది, ఇంకేం కావాలి

పన్నెండేళ్ల బీఎండబ్ల్యూ ధర స్విఫ్ట్ స్థాయికి పడిపోవచ్చు. దాని చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ ధర పడిపోదు. స్పేర్ పార్టు ఎప్పుడూ బండి కొత్తగా ఉన్నప్పటి ధర లెక్కనే వస్తుంది. నడిపితే ఆ బండ్లు అద్భుతం, ఆ మాట కాదనను. ఇంట్లో రోజూ తిరగడానికి ఇంకో బండి ఉండి, ఏటా లక్షో రెండు లక్షలో దీని మీద పెట్టగలిగితే తీసుకోండి. ఆఫీసుకి కూడా అదే దిక్కయితే వద్దు.

అపోహ: తక్కువ తిరిగిన సింగిల్ ఓనర్ బండి అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు

మీటర్ వెనక్కి తిప్పడం ఈరోజుల్లో ల్యాప్‌టాప్ మీద కాసేపటి పని. అందుకని నేను మీటర్ని చివర్లో చూస్తాను. ముందు చూసేవి వేరే ఉన్నాయి. 30 వేలు తిరిగిన బండికి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉండదు. స్టీరింగ్ తోలు మెరవదు. నాలుగు తలుపుల అద్దాల మీద తయారీ సంవత్సరం గుర్తులుంటాయి, ఒకటి మాత్రం తేడాగా ఉంటే ఆ పక్క ఎందుకు మారిందో అడగాలి. బోనెట్ కింద ఫెండర్ బోల్టుల మీద పానా గీతలున్నాయా, అప్రాన్ (లోపలి రేకు) మీద కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయా చూస్తాను. షోరూం ట్రాక్ (కంపెనీ దగ్గరుండే సర్వీసు రికార్డు) తెప్పించి, సర్వీసు తేదీలు, కిలోమీటర్లు క్రమంగా పెరిగాయో లేదో సరిచూస్తాను.

వరద బండ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో మన హైదరాబాద్ మునిగాయి. నీళ్లు తాగిన బండ్లు కడిగి, పాలిష్ పట్టి వేరే ఊళ్లలో అమ్ముడవుతుంటాయి. సీట్ బెల్టు చివరిదాకా లాగండి. మొదటి రెండు అడుగులు శుభ్రంగా ఉంటుంది, లోపలి భాగం మట్టి గీత చూపిస్తుంది. సీటు కింద పట్టాల తుప్పు, కార్పెట్ కింద వాసన, ఫ్యూజ్ బాక్స్‌లో పచ్చటి చిలుము కూడా చూడండి. చెన్నై, విశాఖ లాంటి సముద్రపు ఊళ్ల బండ్లయితే లిఫ్ట్ మీద పెట్టి అడుగు భాగం చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే దాచాలనుకున్నదేదో దాచేసినట్టే. చల్లటి ఇంజిన్ మొదటి నిమిషంలో చేసే చప్పుడు, వదిలే పొగ ఏ సర్టిఫికెట్ కంటే ఎక్కువ చెప్తాయి. బండి కంప్యూటర్‌కి స్కానర్ పెట్టినప్పుడు తప్పుల కోడ్లు లేవని సంతోషపడకండి. రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు, పూర్తయ్యాయో లేదో చూడండి. పూర్తికాకుండా ఉంటే కోడ్లు మొన్నో నిన్నో చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి ఉండొచ్చు.

"ట్రాక్‌కి వెళ్లొచ్చిన బండి అసలు వద్దు" అనేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. ప్రతి ట్రాక్ డే తర్వాత ఆయిల్ మార్చి, బిల్లులన్నీ ఫైల్లో పెట్టుకున్న మనిషి దగ్గర కొనండి. మూడేళ్లు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కవరు కింద పడున్న బండి కంటే అది ఎంతో నయం.

అపోహ: ఢిల్లీ బండి అంటే సగం ధర మిగిలినట్టే

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద 2014, 2015ల్లో హరిత ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టింది. 2018లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. ఆ భయంతోనే అక్కడ ధరలు తగ్గాయి. ఇక్కడికి తెస్తే ఎన్‌ఓసీ, రవాణా ఖర్చు, మళ్లీ లైఫ్ ట్యాక్స్, టీజీ నంబరుకి తిరుగుళ్లు, బ్యాంకు అప్పుంటే దాని క్లియరెన్స్. ఇవన్నీ కూడితే మిగిలేది చాలాసార్లు కొద్దే. ఆ కొద్ది కోసం మీరు చూడకుండా, వీడియో కాల్‌లో బండి కొంటున్నారు.

అపోహ: రీమ్యాప్ చేసిన బండి దొరికితే అదృష్టం

ఎవరో డబ్బు పెట్టి, ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచారు, మనకి ఉచితంగా వస్తోంది అనుకుంటారు. ఆ పవర్ ఇంతకాలం ఏ క్లచ్ మీద, ఏ గేర్‌బాక్స్ మీద నడిచిందో ఆలోచించరు. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐ 1.2 మంచి ఉదాహరణ. 105 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అందులో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండవు, పొడివి. సిటీ ట్రాఫిక్‌లో పాకించడం, ట్రాక్ వేడి, పైన రీమ్యాప్ టార్క్, మూడూ కలిస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఆ గేర్లని మార్చే మెకాట్రానిక్ యూనిట్ పోతే బిల్లు చూసి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. సైలెన్సర్ మార్చినా, బాడీ మార్చినా చట్టం ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

అపోహ: ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, ట్రాక్‌లో తగిలినా పర్లేదు

పాలసీ కాగితంలో వాడకం మీద పరిమితులు చదవండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ అందులో మినహాయింపులు. ట్రాక్‌లో గోడకి కొడితే మొత్తం మీ జేబులోంచే. కాబట్టి పోయినా తట్టుకోగలిగే ధర బండితోనే ట్రాక్ మీదికి వెళ్లండి. అప్పు చేసి కొన్న బండితో వెళ్లడం నాకిష్టం లేదు.

"ఇంతకీ ఏది కొనమంటావన్నా?"

నన్నడిగితే 2020 - 2022 మధ్య వచ్చిన పోలో 1.0 టీఎస్‌ఐ మాన్యువల్. 110 పీఎస్, ఆరు గేర్లు, రోజూ తిరగడానికి గట్టి బండి. డబ్బు తక్కువుంటే స్విఫ్ట్ పెట్రోల్, స్పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. మారుతీ సర్వీసే కావాలి, కొంచెం పికప్ కూడా కావాలి అంటే బలెనో ఆర్‌ఎస్, నాలుగు చక్రాలకీ డిస్కులే. కాస్త ఎక్కువ పెట్టగలిగితే 120 పీఎస్ ఐ20 ఎన్ లైన్. అబార్త్ పుంటో మీద నాకు మనసుంది, 145 పీఎస్‌తో ఆ స్టీరింగ్ ఇచ్చే స్పర్శ ఇంకే చిన్న బండిలోనూ దొరకలేదు. కానీ ఫియట్ మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, స్పేర్ కోసం వారాలు ఎదురుచూడాలి, ఆ వారాల్లో ఆఫీసుకి బస్సే. మొదటి తరం హోండా సిటీ వీటెక్ అంటే ఇప్పటికీ ప్రాణమిచ్చేవాళ్లున్నారు. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఫిట్‌నెస్, ఆర్‌సీ రెన్యువల్ ముందే చూసుకోవాలి.

అపోహ: ట్రాక్ అంత దూరమెందుకు, ఓఆర్‌ఆర్ ఉందిగా

హైదరాబాద్ చుట్టూ తిరిగే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు అది, వేగ పరిమితి 120. టైరు మారుస్తున్న లారీ డ్రైవరు, అర్ధరాత్రి డివైడర్ దగ్గర మొక్కలకి నీళ్లు పోసేవాళ్లు అక్కడ ఉంటారు. ట్రాక్‌లో మీరు తప్పితే మట్టిలోకి పోతారు, జెండా ఊపేవాళ్లుంటారు, అంబులెన్స్ ఉంటుంది. ఓఆర్‌ఆర్ మీద తప్పితే ఎదుటివాళ్ల ఇల్లు చీకటవుతుంది. ఈ మాట అనే కుర్రాడికి నేను బండి చూసిపెట్టను.

వెళ్లేవాళ్లకి ఇంకొక్క మాట. ప్రతి సెషన్‌లో చివరి ల్యాపు నెమ్మదిగా తిప్పి బ్రేకులు, టర్బో చల్లారనివ్వండి. లోపలికొచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, వేడి మీద వెనక బ్రేకులు పట్టేస్తాయి. గేర్లో వదిలి చక్రానికి రాయి పెట్టండి. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు చక్రాలు చల్లారాక వీల్ నట్లు బిగించి, ప్యాడ్లు ఎంత మిగిలాయో చూసి, టైర్లలో గాలి రోడ్డు లెక్కకి సరిచేసుకోండి. ప్యాడ్లు బాగా తగ్గి ఉంటే ఆ రాత్రికి అక్కడే పడుకుని, పొద్దున కొత్తవి వేయించుకుని బయల్దేరండి.