హీటర్ పెట్టి చేసే యోగా ఎక్కడిది?

గది 40 డిగ్రీలు దాటి కాగుతుంటుంది. గాలిలో తేమ 40 శాతం. గోడ పొడవునా అద్దాలు, మ్యాట్ మీద చెమట పీల్చుకోవడానికి తువ్వాలు, 90 నిమిషాల క్లాసు. మే నెల మధ్యాహ్నం బెజవాడలో ఫ్యాను కట్టేస్తే ఉచితంగా దొరికే ఉక్కపోత ఇది. అమెరికాలో డబ్బు కట్టి మరీ వెళ్తారు.

'హాట్ యోగా' అనే దీన్ని ప్రాచీన భారతీయ పద్ధతిగా చెప్పుకోవడం మామూలే. కానీ పాత యోగ గ్రంథమైన హఠయోగ ప్రదీపిక సాధకుణ్ణి కూర్చోమన్నది చిన్న కుటీరంలో, అదీ చుట్టూ వింటి పొడవు మేర రాయి, నిప్పు, నీరు లేనిచోట. చెమట ప్రస్తావనా అందులో ఉంది. ప్రాణాయామ శ్రమతో పట్టిన చెమటను ఒంటికే మర్దించుకోమంది. హీటరు పట్టించే చెమట సంగతి ఎక్కడా లేదు.

అసలు మూలం కలకత్తాలో ఉంది. పరమహంస యోగానంద తమ్ముడు బిష్ణు చరణ్ ఘోష్ 1923లో అక్కడ వ్యాయామ కళాశాల పెట్టి, బరువులెత్తడంతో పాటు ఆసనాలూ నేర్పేవారు. ఆయన శిష్యుణ్ణని చెప్పుకునే బిక్రమ్ చౌదరి 26 ఆసనాలు, రెండు శ్వాస ప్రక్రియలతో ఒక వరుస కట్టి, 1970ల మొదట్లో లాస్ ఏంజెలెస్ చేరారు. జపాన్ చలిలో నేర్పేటప్పుడు గదిలో హీటర్లు పెట్టడంతో ఈ వేడి మొదలైందని ఆయనే చెప్పారు. అంటే చలికి విరుగుడుగా వచ్చిందే తర్వాత సిద్ధాంతమై కూర్చుంది.

చెమటతో విషాలు పోతాయన్న ప్రచారమూ దీనికి తోడైంది. ఆ పని ప్రధానంగా కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. చెమటలో పోయేది ఎక్కువగా నీరు, ఉప్పు. గాలి చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు ఒళ్లు చల్లబడాలంటే చెమట ఆరాల్సిందే. తేమ పెరిగేకొద్దీ అదీ నెమ్మదిస్తుంది. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు దూరంగా ఉండటమే మంచిది.

ఈలోగా చౌదరి ఆ వరుసపై కాపీరైట్ తనదేనంటూ ఇతర స్టూడియోలపై కోర్టుకెక్కారు. ఇలాంటి పోకడలు చూసి మన ప్రభుత్వం, పాత విద్యలపై ఎవరూ హక్కులు లాక్కోకుండా పెట్టిన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయంలో ఆసనాలనూ చేర్చింది. చివరకు 2015లో అమెరికా అప్పీళ్ల కోర్టు ఆసనాల వరుసకు కాపీరైట్ వర్తించదని తేల్చేసింది. 2013 నుంచి ఆయనపై లైంగిక దాడి ఆరోపణలతో కేసులు పడ్డాయి. ఆయన కాదన్నారు. 2016లో తన మాజీ న్యాయ సలహాదారు వేసిన వేధింపుల దావాలో ఓడిపోయారు. ఆ దావాలోనే 2017లో అరెస్టు వారెంటు వెలువడింది. చాలా స్టూడియోలు ఆయన పేరు తీసేసి 'హాట్ యోగా' అనో, '26 అండ్ 2' అనో బోర్డు మార్చుకుని అవే ఆసనాలు నేర్పుతున్నాయి.