టకటకమనే హార్డ్ డిస్కు

చిరంజీవులకు,

మీ కంప్యూటరులోని హార్డ్ డిస్కు మొన్నటి నుంచి టక్ టక్‌మని కొట్టుకుంటోందనీ, ఫొటోలు తెరుచుకోవడం లేదనీ, దానిని ఫ్రీజరులో ఒక పూట పెడితే బాగుపడుతుందని ఎవరో చెప్పారనీ చిన్నీ రాసింది. ముందు కంప్యూటరును ఆపివేయండి. ఫ్రీజరు జోలికి మాత్రం పోకండి. బయటికి తీయగానే లోపల తేమ పట్టి, మిగిలి ఉన్నది కూడా పాడవుతుంది.

హార్డ్ డిస్కును తిరగలి అనుకోండి. నా చిన్నతనంలో మా నాయనమ్మ తెల్లవారుజామున కందులు విసిరేది. పిడికెడు గింజలు పోస్తూ, మాతో కబుర్లు చెబుతూ ఉన్నా, చెవి మాత్రం రాతి మీదే ఉండేది. గింజలలో చిన్న రాయి పడి గర్రుమన్నదంటే, పిడి వదిలి, పైరాయి ఎత్తి, శుభ్రంగా ఊడ్చిన తరువాత గాని మళ్ళీ తిప్పేది కాదు. ఇంకో నాలుగు చుట్లు తిప్పితే ఏమవుతుందని అడిగితే, "పప్పంతా ఇసకవుతుంది, నువ్వు తింటావా?" అనేది.

హార్డ్ డిస్కులోనూ నడిమి ఇరుసు చుట్టూ పళ్ళేలు తిరుగుతాయి. 1956లో ఐబీఎం వారు తెచ్చిన మొట్టమొదటి డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. ఒక్కొక్కటీ మా నాయనమ్మ తిరగలి కంటే పెద్దది, అన్నీ కలిసి దాచుకునేది మాత్రం 50 లక్షల అక్షరాలే. ఇప్పటి చిన్న పళ్ళేలు చాలా వాటిలో నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120 చుట్లు తిరుగుతాయి. తిరగలిలో రాయి రాతిని ఒరుసుకోవాలి. ఇక్కడ పళ్ళెం మీది రాతను చదివే మొన పళ్ళేన్ని తాకనే కూడదు. పళ్ళెంతో పాటు తిరిగే గాలి ఆ మొనను పైకెత్తి ఉంచుతుంది, ఆ సందు తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కంటే కూడా తక్కువ. నా పోలిక ఇక్కడ కుంటుతోందని తెలుసు గాని, చప్పుడు విషయంలో దానిని వదులుకోలేను.

ఆ మొన పళ్ళెం మీద తన దారి గుర్తులు దొరకక, వెనక్కి వచ్చి, మళ్ళీ వెతకబోయినప్పుడల్లా టక్‌మంటుంది. చెడిన మొన పళ్ళేన్ని గీరవచ్చు కనుక, ఆ ఫొటోలు మరెక్కడా లేకపోతే, డిస్కును మళ్ళీ మళ్ళీ ఆన్ చేయకుండా, డేటా రికవరీ చేసేవారికే, అంటే చెడిన డిస్కుల నుంచి ఫైళ్ళు వెలికితీసేవారికే, అప్పగించమని నాన్నతో చెప్పండి.

చప్పుడేమీ లేకుండా, డిస్కు కంప్యూటరులో కనిపించకపోతే అంత భయం లేదు. కేబులు మార్చండి, వేరే పోర్టులో పెట్టండి, వేరే కంప్యూటరుకు తగిలించి చూడండి. బయటి డిస్కులకు ఒక్కోసారి కరెంటు చాలదు, అంతే. "ఫార్మాట్ చేయమంటారా", అంటే డిస్కును ఖాళీ చేయమంటారా, అని కంప్యూటరు అడిగితే సరేననకండి. డిస్కు నెమ్మదించి, ఫైళ్ళు తెరవడానికి మొరాయిస్తుంటే, ముఖ్యమైనవన్నీ మరో చోటికి కాపీ చేసుకున్నాకే, డిస్కులోని తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాము చెక్‌డిస్క్ నడపండి, ఎందుకంటే అది సరిచేసే పనిలో డిస్కు మీద కొత్తగా రాస్తుంది.

సీడీ చదవడం లేదన్న రెండో ప్రశ్నకు జవాబు చిన్నదే: మెత్తని గుడ్డతో నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. అందులోని రాత చుట్లు చుట్లుగా ఉంటుంది కనుక, ఆ దారి వెంట పడిన గీత ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఎవరికీ అక్కరలేని, పూర్తిగా చెడిపోయిన డిస్కు ఏదైనా అటక మీద ఉంటే, నాన్నను దగ్గర కూర్చోబెట్టుకుని, నక్షత్రం గాడి ఉన్న మరలు విప్పి, ఆ మొన ఎంత చిన్నదో చూడండి. లోపలి అయస్కాంతాలు వేలిని గట్టిగా నొక్కేస్తాయి. ల్యాప్‌టాప్ డిస్కయితే పళ్ళెం గాజుదై ఉండవచ్చు, వంచకండి.

ఆశీస్సులతో,
తాతయ్య