తొలి ఇరవై నిమిషాల మనిషి

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ (మిర్చి బస్తా) మూతి దగ్గర కనిపించే కాయను చూసి రేటు చెప్పడు. లోపలికంటా చెయ్యి పెట్టి గుప్పెడు కాయ మచ్చుకు బయటికి లాగుతాడు. రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. పైన నిగనిగలాడే తేజ రకం, అడుగున రంగు పోయిన తాలు కాయ. ఇలాంటి సరుకు అక్కడ ఎవరికీ కొత్త కాదు. ఆ యార్డులోనే ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసిన ఒకాయన, కూతురికి సంబంధం వస్తే పెళ్ళిచూపుల్లో అరగంట కూర్చుని, "కుర్రాడు బంగారమండీ" అని లేచొచ్చాడు. ఆ అమ్మాయీ నేనూ రోజూ ఒకే రైల్లో గుంటూరు నుంచి విజయవాడకు ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళం. ఇద్దరివీ సీజన్ టికెట్లే.

ఆయన్ని నేను తప్పుపట్టను. కెనడాకు చెందిన డెల్రాయ్ పౌలస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1998లో ఒక పరిశోధన ప్రచురించారు. ముందు పరిచయం లేని విద్యార్థులను చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడుకోమన్నారు. వారానికొకసారి, ఇరవై నిమిషాలు, మొత్తం ఏడు వారాలు. తమ గురించి తాము ఉన్నదానికంటే గొప్పగా అనుకునేవాళ్ళకు, అంటే స్వీయమోహం (నార్సిసిజం) ఎక్కువున్నవాళ్ళకు, మొదటి రోజు మంచి మార్కులు పడ్డాయి. చురుకైనవాళ్ళు, కలుపుగోలువాళ్ళు, సమర్థులు అన్నారు మిగతావాళ్ళు. ఏడో వారానికి అదే నోళ్ళు మాట మార్చాయి. గొప్పలు చెప్పుకుంటారు, ఒక్క మాట అంటే పడరు, మీదికొస్తారు అన్నాయి.

అక్కడ ఏడు వారాలు పట్టింది. మన పెళ్ళిచూపులకు ఏడో వారం ఎక్కడిది? ఈలోపే నిశ్చితార్థం అయిపోతుంది, కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టేస్తారు.

2010లో జర్మనీలో మిట్యా బాక్, ఆయన సహచరులు ఇదే ప్రశ్నను ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. ఇలాంటివాళ్ళు మొదటి చూపులో ఎందుకంత నచ్చుతారు? దొరికిన జవాబు సాదాసీదాగానే ఉంది. బట్టలు కళ్ళకు కొట్టొచ్చినట్టు ఉంటాయి, ముఖంలో ఆకర్షణ, నడకలో ధీమా, మాటలో చమత్కారం. నన్ను కలవరపెట్టింది ఇంకో ఫలితం. ఈ స్వభావంలో చాలా కోణాలుంటాయి కదా. వాటిలో తర్వాత్తర్వాత అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది 'నాకు రావాల్సిందే, ఎవర్నైనా వాడుకుంటాను' అనే గుణం. తొలి పరిచయంలో ఎక్కువ ఆకర్షించింది కూడా అదేనట. అంటే మనం మోజుపడిన చోటే ముల్లు ఉందన్నమాట.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. ఇప్పుడు రీల్స్ చూసేవాళ్ళకి ఫోన్ ఎత్తని ప్రతివాడూ నార్సిసిస్టే. అది అన్యాయం. నీళ్ళలో తన ముఖం చూసుకుని మోహపడిన గ్రీకు కుర్రాడు నార్సిసస్ పేరు మీద పుట్టిన మాట ఇది. స్వీయమోహం అందరిలోనూ ఎంతో కొంత ఉంటుంది. అది ముదిరి వ్యక్తిత్వ రుగ్మత అయినప్పుడు గుర్తించడానికి అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1980లో తన వ్యాధుల పుస్తకంలో దానికి చోటిచ్చింది. ఇప్పుడు అందులో తొమ్మిది లక్షణాలు రాసి ఉన్నాయి, కనీసం ఐదు ఉండాలి. అది కూడా వైద్యులు తేల్చాల్సిన విషయం. మగవాళ్ళకే పరిమితమైందీ కాదు. సగటున వాళ్ళలో కాస్త ఎక్కువ, అంతే. అత్తగారిలోనూ ఉండొచ్చు, ఆఫీసులో బాస్‌లోనూ ఉండొచ్చు.

మా రైలు అమ్మాయి సంగతికొస్తాను. నిశ్చితార్థం అయిన మొదటి నెల ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఒక్కసారే ఎత్తినట్టు ఉండేది. రోజూ స్టేషన్ బయట బండేసుకుని ఎదురుచూసేవాడు. ఒక చేతిలో మల్లెపూలు, ఇంకో చేతిలో ఇడ్లీ పొట్లం. "తిన్నావా బంగారం" అని గంటకో ఫోన్. ఆమెకు పెరుగన్నంలో ఆవకాయ ఇష్టమంటే తనకూ ప్రాణమే. ఆమెకు గుంపులంటే చిరాకంటే తనకూ అంతే. "నన్ను ఇంతలా అర్థం చేసుకున్నవాడు లేడక్కా" అంది ఒకసారి. నిజానికి అర్థం చేసుకోలేదు, ఆమె చెప్పిందే ఆమెకు అప్పజెప్పాడు.

రెండో నెలలో చిన్న చిన్న సణుగుళ్ళు మొదలయ్యాయి. ఆ చుడీదార్ నప్పలేదు. ఆ స్నేహితురాలి నవ్వు అదోలా ఉంటుంది. కొన్నాళ్ళకు ఆ స్నేహితురాలు మా పెట్టె ఎక్కడం మానేసింది. తర్వాత మౌనాలు వచ్చాయి. కారణం చెప్పకుండా ఒక పూట, ఒక రోజు, రెండు రోజులు. మళ్ళీ ఉన్నట్టుండి పాత మనిషి, పాత మల్లెపూలు. ఏమైందని అడిగితే, "నేనెప్పుడు మాట్లాడ్డం మానేశాను? అన్నీ నువ్వే ఊహించుకుంటావు" అనేవాడు. ఇలా ఎదుటివాళ్ళ మతి మీద వాళ్ళకే అనుమానం పుట్టించడాన్ని గ్యాస్‌లైటింగ్ అంటున్నారు. 1938 నాటి ఒక ఇంగ్లీషు నాటకం నుంచి వచ్చింది ఆ పేరు. అందులో భర్త తన భార్యకు పిచ్చెక్కుతోందని ఆమెనే నమ్మిస్తాడు.

ఆ రోజుల్లో ఆమె ఫోన్ చూసుకోవడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నంబూరు దాటగానే ఒకసారి, మంగళగిరిలో ఒకసారి, కృష్ణా కెనాల్‌లో ఒకసారి. విజయవాడ ఔటర్‌లో బండి ఆపేస్తే పెట్టెలో అందరూ రైల్వేను తిట్టుకునేవాళ్ళు. ఆమె మాత్రం స్క్రీన్ వెలిగించేది, ఆర్పేది, మళ్ళీ వెలిగించేది.

ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే ఇద్దరు అమెరికన్లు 1957లో ప్రచురించిన పావురాల ప్రయోగాలు ఈ స్థితిని బాగా చెబుతాయి. మీట పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం, గింజలు ఆగిపోతే కాసేపు పొడిచి ఊరుకుంటుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా గింజలు తిన్న పావురం అలా కాదు. గింజలు ఆగిపోయాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. "అంత బాధపెడుతుంటే ఎందుకు పట్టుకు వేలాడుతోంది?" అని బంధువులు తేలిగ్గా అనేస్తారు. ప్రేమ నిలకడగా దొరకకపోవడమే ఆ పట్టుకు కారణం. డటన్, పెయింటర్ అనే పరిశోధకులు 1981లో దీన్ని మనుషుల విషయంలో వివరించారు. ఇద్దరిలో ఒకరిది పైచేయి అయి, గాయమూ లాలనా వంతులవారీగా వస్తుంటే బంధం తెగకపోగా ఇంకా బిగుసుకుంటుందని వాళ్ళ మాట.

ఇదంతా అతను కూర్చుని వేసిన పథకమా అంటే, అన్నిసార్లూ కాదనే అనుకుంటాను. 2013లో బాక్ బృందం ఈ స్వభావానికి రెండు ముఖాలున్నాయని రాసింది. ఒకటి మెప్పు కోసం మెరిసే ముఖం, రెండోది ఎదుటివాళ్ళను తగ్గించి తాను నిలబడే ముఖం. రెండింటి పనీ ఒకటే, తాను గొప్ప అన్న బొమ్మ పగలకుండా కాపాడుకోవడం. కొత్తలో ఆమె కళ్ళల్లోని ఆశ్చర్యమే అతనికి రోజువారీ మెప్పు. ఆమె తనకంటూ ఒక అభిప్రాయం చెప్పిన రోజు ఆ బొమ్మకు బీట. వెంటనే రెండో ముఖం బయటికొస్తుంది. అందుకే నా దృష్టిలో అసలైన మచ్చు ఇంకోటి ఉంది. చిన్న విషయానికి 'కుదరదు' అని చెప్పి చూడటం. పెళ్ళిచూపుల్లో ఆ అవకాశం మనవాళ్ళు ఎవరికీ ఇవ్వరు.

పెళ్ళయ్యాక ఇది ఇంటి గొడవే అని సర్దుకోమంటారు. 2005 నాటి గృహహింస చట్టం మాత్రం అవమానించడం, హేళన చేయడం కూడా హింసేనని స్పష్టంగా రాసింది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. మనసు బాగోలేకపోతే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది.

ఆమె ఒక ఆదివారం 'కుదరదు' అంది. వాళ్ళ పిన్ని వస్తోందని, బెంజి సర్కిల్‌కి రాలేనని చెప్పింది. నాలుగు రోజులు ఫోన్ లేదు. ఐదో రోజు స్టేషన్ బయట పూతరేకుల పెట్టె పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. మర్నాడు రైల్లో ఆ పెట్టె నా ముందు తెరిచింది, మూడే మిగిలాయి.

"నాలుగు రోజులు గొంతులోకి ముద్ద దిగలేదక్కా," అంది. "నిన్న ఒక్కదాన్నే కూర్చుని ఎన్ని తిన్నానో."